మేట్రనమ్మ మీటర్లు

“ఇంకెంతనే?”

“రెండొందలు మేడం.”

“ఆ రెండొందలు నువ్వు గుంజుపో.”

మా ఇద్దరి మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవే. ఆ మాట అని ఆమె చేతిలో పిడి వదిలేసింది. పిడి గొలుసుతో సహా ఎగిరిపోయి కసరత్తు మిషను ముక్కుకు ఠంగుమని తగిలింది. పిడిని అలా వదలకూడదు, మెల్లగా తీసుకుపోయి కొక్కేనికి తగిలించాలి అన్నది ఆమె పెట్టిన నియమమే. నాలుగేళ్లలో ఒక్కనాడూ తప్పలేదు. ఆ పొద్దు తప్పింది.

నేను తెర వైపు చూశాను. ఐదు వేల రెండు వందల ఎనభై మీటర్లు అని ఉంది. ఆమె రోజూ గుంజేది ఐదు వేలు. అంటే ఆమె పని అప్పటికే అయిపోయింది. ఇంకా రెండు వందలున్నాయని నేను చెప్పింది అబద్ధం.

ఇది నేను నోటితో చెప్తున్నాను, నా చెల్లెలి బిడ్డ షబానా రాస్తోంది. నాకు అంకెలు వచ్చు, అక్షరాలు రావు. అది డిగ్రీ చదువుతోంది కాబట్టి నా మాటలను పుస్తకం మాటలుగా చేసి రాస్తానంది. చెయ్యి, అర్థం మాత్రం చెడగొట్టకు అన్నాను. మేట్రనమ్మ చనిపోయి వచ్చే ఆదివారానికి ఏడాది. చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెడుతున్నారు, ఒక చిన్న పుస్తకం వేస్తున్నారు. ఆమె అన్న కొడుకు ఫోన్ చేసి, మా మేనత్త దగ్గర అందరికంటే ఎక్కువ కూర్చున్నది నువ్వే కదమ్మా, ఒక పేజీ రాయించి ఇవ్వు అన్నాడు. పేజీ అడిగాడు. పేజీలో పట్టేది కాదు ఆమె. పేరు మాత్రం రాయనివ్వను. పేరు పెట్టి పిలిచే మనిషి ఆమెకు ఒక్కరూ మిగల్లేదు. వాడకట్టంతా మేట్రనమ్మ అనేది, అదే ఉండనీ.

క్రైస్తవ మిషనరీల దవాఖానలో నర్సుగా చేరి, పెద్ద నర్సయి, పింఛను తీసుకుంది. పెళ్లి చేసుకోలేదు. హనుమకొండలో రెండు గదులు, ఒక హాలు ఉన్న ఇల్లు. ఆమె బతుకు గురించి నాకు తెలిసింది ఇంతే. అడిగే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు.

ఆమె మనుషులను జబ్బు పేరుతో పిలిచేది. పాలు పోసే ఆయన ఆమెకు బీపీ. అన్న కొడుకు పెరిగి పెద్దవాడై కాలేజీలో పాఠాలు చెప్తున్నా ఆమెకు టాన్సిల్సే. నేను పనికి అడగడానికి పోయిన రోజు గుమ్మంలోనే నిలబెట్టి, బొటనవేలితో నా కింది రెప్ప గుంజి చూసింది. “తెల్లగున్నది. రక్తం లేదు. ఊడ్చుటానికి చాల్తది, ఎత్తుటానికి చాలది” అన్నది. ఆనాటి నుంచి నేను తెల్లకన్ను. నా అసలు పేరు ఆమె అడగనే లేదు. నాలుగేళ్లు ఒక మనిషి ఇంట్లో పని చేసి, పేరు లేకుండా బయటికి వచ్చాను.

కరోనా పోయాక దగ్గర్లో ఒక జిమ్ము మూతపడి సామాను అమ్మేస్తుంటే ఆమె ఈ మిషను కొనుక్కుంది. ట్రాలీ ఆటోలో వచ్చింది. పొడుగాటి ఇనుప పట్టా, దాని మీద ముందుకూ వెనక్కూ జారే చిన్న పీట, పాదాలు బిగించుకునే పట్టీలు, ముందర జాలీలో తిరిగే గాలిచక్రం. కూర్చుని, గొలుసుకున్న పిడిని రెండు చేతులా పట్టుకుని, పడవలో తెడ్డు గుంజినట్టు గుంజాలి. గుంజినప్పుడల్లా చక్రం బుస్సుమంటుంది. ఎంత దూరం గుంజామో ఒక చిన్న తెర మీద మీటర్లలో పడుతుంది. దాన్ని దింపుతుంటే వాడకట్టు ఆడవాళ్లు గిర్నీ అనుకుని కారం పట్టిస్తారా అని అడిగారు. ఆమె తల తిప్పకుండా, “పట్టిస్త. ముందుగాల మీ నాలికెలు పట్టుకరాండ్రి” అన్నది.

మోకాళ్లు అరిగాయి, నడక బంద్ చెయ్యమన్నారు డాక్టర్లు. నడక బంద్ చేసింది, దీన్ని పట్టుకుంది. ఆదివారం తప్ప రోజూ పొద్దున ఆరింటికి ఐదు వేల మీటర్లు. మగవాళ్ల బనియను, మోకాళ్ల కిందికి కత్తిరించిన పైజామా, ఎదకు తలకిందులుగా గుచ్చుకున్న నర్సు గడియారం. అది ఎప్పుడో ఆగిపోయింది, అయినా గుచ్చుకునేది. కూర్చోగానే గొణిగేది: కాళ్లు, నడుము, చేతులు. మళ్లీ ముందుకు పోయేటప్పుడు చేతులు, నడుము, కాళ్లు. ముందు కాళ్లతో తన్నాలి, తర్వాత నడుము వాల్చాలి, ఆఖరున చేతులు గుంజాలి. ముందే చేతులతో గుంజేవాళ్లను చూస్తే ఆమెకు అసహ్యం. మనిషి ముందు చెయ్యి చాపితే ముష్టి, కాలు తన్ని నిలబడితే పని అనేది.

జ్వరమొస్తే గుంజింది. అరచేతులు పొక్కులు లేచి పగిలితే గుడ్డ చుట్టుకుని గుంజింది. శుభ శుక్రవారం ఉపవాసముండి గుంజింది. సొంత అన్న చనిపోయాడని తెల్లవారుజామున ఫోనొస్తే, “శవం పదింటికొస్తది. నాది ఆరున్నరకు అయిపోతది. దానికి దీనికి ఏం అడ్డం?” అని మిషనెక్కింది. ఆ రోజూ ఐదు వేలే, పదీ ఎక్కువ లేదు, పదీ తక్కువ లేదు. తర్వాత తల దువ్వుకుని, తెల్ల చీర కట్టుకుని పోయి అన్న కాళ్ల దగ్గర కూర్చుంది. ఏడ్చిందో లేదో నేను చూడలేదు. ఏడ్చి ఉండదు.

రెండో ఏడు ఆమె కళ్లు పోయాయి. మొత్తం కాదు, నడిమి చూపు పోయింది. పక్కల కనిపించేది, సూటిగా చూస్తే నల్ల మచ్చ. మనిషి ఎదురుగా నిలబడితే చెవులు కనిపిస్తున్నాయి, మొహం లేదు అనేది. దానికీ ఏమీ బాధపడ్డట్టు లేదు. మీ మొహాలు చూసుడు తప్పింది అన్నది. కానీ మిషను తెర కనిపించక పోవడం మాత్రం ఆమెకు పెద్ద దెబ్బ. ఎన్ని మీటర్లయిందో తెలియకపోతే ఎక్కడ ఆపాలో తెలియదు. అప్పుడు నన్ను చీపురు పక్కన పెట్టించి, మిషను పక్కన పీట వేసి కూర్చోబెట్టింది. ఐదు వందలకొకసారి నేను అంకె చెప్పాలి.

నాకు అప్పటికి అంకెలు రావు. నలభై దాటిన దాన్ని. ఆమె గోడకు వేలాడే క్యాలెండరు దింపి, తారీకుల మీద నా వేలు పట్టించి నేర్పింది. మూడు కాళ్ల ఇంగ్లీషు అక్షరం పక్కన ఉన్నదే మీటర్లు, తక్కినవి నీకు పనిలేదు అన్నది. రాయడమూ నేర్పింది. ఆరు తిప్పి రాస్తే చెక్క స్కేలుతో వేలి కణుపుల మీద కొట్టేది. చూపు లేని మనిషి కదా, గురి తప్పుతుందనుకునేదాన్ని. ఒక్కసారీ తప్పలేదు. వంట గదిలోకి పోయి కణుపులు నోట్లో పెట్టుకుని చప్పరించుకునేదాన్ని. ఆరు నేర్చుకున్నాను.

ఆమెకు మాట్లాడే ఫోను ఉండేది. వేలు పెడితే అందులో ఒక ఆడమనిషి గంట ఎంతయిందో చెప్పేది. మొదలు పెట్టేటప్పుడు ఆరు గంటలు. అయిపోయాక ఆరు గంటల ఇరవై ఏడు నిమిషాలు. ఆ ఇరవై ఏడు నేను క్యాలెండరు గడిలో రాయాలి. అందరి ఇళ్లలో ఆ గడుల్లో పాల లెక్క ఉంటుంది, ఈమె ఇంట్లో నిమిషాలు ఉండేవి. ఇరవై ఏడు, ఇరవై ఏడు, ఒక్కోరోజు ఇరవై ఆరు. ఇరవై ఆరు వచ్చిన రోజు గంజిలో ఉప్పుతో పాటు నిమ్మకాయ పిండుకునేది. ఆమె పండుగ అంతే.

చర్చి అయ్యగారు ఒకసారి ఆమె కళ్ల కోసం ప్రార్థన చేయడానికి వచ్చాడు. ఆయన ఆమెకు పైల్సు. ఆయన మొహం మీదనే అనేది. కూర్చోమని మిషను చూపించింది. “అయ్యగారూ, ముందుగాల దీని మీద ఐదొందలు గుంజుండ్రి. దమ్ము మిగిల్తే ప్రార్థన చేద్దురు.” ఆయన మంచివాడు, సరదా అనుకుని కూర్చున్నాడు. రెండు వందల దగ్గర ప్యాంటు వెనక పర్రుమని చినిగింది. లేవబోయాడు. “చినిగింది బట్టనే గదా, మీరు గాదు. ఇంక మూడొందలున్నయి” అన్నది. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఆయన ఐదు వందలూ గుంజి, గోడకు ఒరిగి, ఒక్క మాట పైకి రాక చెయ్యి ఊపాడు. ఆమె కూర్చున్న చోటే కళ్లు మూసుకుని ఆయన ఊపిరి కోసం ప్రార్థన చేసింది. ఆయన మళ్లీ రాలేదు.

ఇవన్నీ తలచుకుంటే నవ్వొస్తుంది. నవ్వొచ్చేవి అయిపోయాయి.

నా భర్త దూదేకేవాడు. నర్సంపేటలో మొదలుపెట్టి వరంగల్ వచ్చాం. పాత పరుపులు విప్పి, గడ్డకట్టిన దూదిని విల్లుతో ఏకి మళ్లీ కుట్టేవాడు. ఆ నూగు పీల్చి పీల్చి ఊపిరితిత్తులు చెడిపోయాయి. మేట్రనమ్మ పరుపు బాగు చేయడానికి ఒకసారి నాతో పాటు వచ్చాడు. మిషను చూసి, దీన్ని గుంజితే ఏం తయారవుతుంది అని అడిగాడు. ఏమీ కాదు అన్నాను. ఆయన నవ్వి, “నేను గూడ చిన్నప్పట్నుంచి గుంజుతనే ఉన్న. ఒక్క మీటరు ముందటికి పోలే” అన్నాడు. నవ్వు దగ్గులోకి మారింది. ఆమె ఆ దగ్గు విని, రమ్మని పిలిచి, చొక్కా పైకెత్తించి, పాత స్టెతస్కోపు వీపు మీద పెట్టింది. చాలాసేపు విన్నది. తర్వాత నాతో చెప్పలేదు, పక్కకు పిలవలేదు. ఆయన మొహం మీదనే చెప్పింది.

“లోపల నీ పరుపే ఉన్నది. రంజాన్ దాటవు.”

ఆయన చొక్కా దించుకుని, సరేనమ్మా అన్నాడు. పోయి పరుపు కుట్టాడు. కుట్టు ఎక్కడా వంకర పోలేదు.

రంజాన్‌కు ఇంకా ఎనిమిది రోజులుందనగా పోయాడు.

మా వాళ్లలో భర్త పోతే ఆడది నాలుగు నెలల పది రోజులు ఇల్లు దాటకూడదు. ఇద్దత్ అంటాం. బయటి మనుషులు చూడకూడదు, సింగారం ఉండకూడదు, ఒక మూల కూర్చుని ఆయనను తలచుకోవాలి. బీదవాళ్లకు అది కష్టమే, కానీ అదొక్కటే మాకు ఎవరైనా ఇచ్చే సెలవు. అందరూ తెచ్చిపెడతారు, తింటాం, ఏడుస్తాం. నేను పది రోజులు కూర్చున్నాను. పదో రోజు మేట్రనమ్మ పాలాయనతో కబురు పంపింది. రేపు ఆరింటికి రాకపోతే వేరే మనిషిని పెట్టుకుంటానని. పాలాయన ఆ మాట గుమ్మం అవతల నిలబడి, తల దించుకుని చెప్పాడు.

మా బావగారు పోవద్దన్నాడు. వాళ్ల దేవుడు వాళ్లకు, మన అల్లా మనకు అన్నాడు. నా పొయ్యి ఎన్నాళ్లు వెలిగిస్తావు అని నేను అడిగితే చెప్పులు తొడుక్కుని పోయాడు. పదకొండో రోజు చీకటి ఉండగానే చాదర్ కప్పుకుని పోయాను. గల్లీలో ఒక ముసలామె చూసి, మట్టి ఆరకముందే తిరగబట్టింది అన్నది. ఆ మాట ఇప్పటికీ వీపులో ఉంది.

మేట్రనమ్మ పట్టీలు బిగించుకుని సిద్ధంగా ఉంది. నా అడుగుల చప్పుడు విన్నది. పోయినాయన గురించి ఏదో ఒకటి అంటుందనుకున్నాను. అన్నది.

“నేను చెప్పిన్నా, లేదా?”

నేను పీట మీద కూర్చున్నాను.

“మీటరు చూడు” అన్నది, గుంజడం మొదలుపెట్టింది.

అంకెలు పరిగెత్తాయి. ఐదు వందలు వచ్చింది. చెప్పాలి. నోరు తెరుచుకోలేదు. కావాలని కాదు, గొంతులో ఆయన అడ్డం పడ్డాడు. ఐదు వందల పది, ఇరవై, ముప్పై. ఇక స్కేలు దెబ్బ పడుతుంది అనుకుంటూనే ఉన్నాను. ఐదు వందల యాభై దగ్గర గొంతు వచ్చింది. ఐదొందలు మేడం అన్నాను. ఆమె ఊ అన్నది. అంతే. ఏమీ కాలేదు. గాలిచక్రం బుస్సుమంటూనే ఉంది.

యాభై మీటర్లు ఊరికే గుంజింది. నా కోసం. చచ్చినాయన కోసం. ఆ యాభై నా నోట్లో పటిక బెల్లంలా కరిగింది. తర్వాతి దానికి కావాలని యాభై ఆగాను.

ఇంటికొచ్చి షబానాను అడిగాను, ఐదు వందల యాభై, దానికి ఐదు వందల యాభై కలుపుతూ పది సార్లు రాసివ్వమని. ఎందుకని అడిగింది, లెక్కలు నేర్చుకుంటున్నా అన్నాను. పాపం మురిసిపోయి గుండ్రంగా రాసిచ్చింది. ఐదు వందల యాభై, పదకొండు వందలు, పదహారు వందల యాభై, అలా ఐదు వేల ఐదు వందల దాకా. ఆ చీటీ రవికెలో పెట్టుకుని పోయేదాన్ని. చెక్క స్కేలుతో ఆమె అంకెలు నేర్పింది, కూడిక మాత్రం నా కసి నేర్పింది. వారంలో చీటీ అవసరం లేకుండా పోయింది.

ఇప్పుడు లెక్క చూడండి. ఆమె ఐదు వేలు అనుకుని ఐదు వేల ఐదు వందలు గుంజుతోంది. ఫోనులో ఆడమనిషి మాత్రం నిజమే చెప్తుంది. ఆరు గంటల ముప్పై నిమిషాలు. ఇరవై ఏడు కావలసింది ముప్పై అయింది. మొదటి రోజు ఆమె ఫోను తప్పు అన్నది. రెండో రోజు నన్ను గొలుసుకు నూనె వేయలేదని తిట్టింది. మూడో రోజు మెకానిక్కును పిలిపించింది. వాడు చూసి, మిషను మంచిగనే ఉన్నదమ్మా, మీకే వయసు మీద పడ్తాంది అన్నాడు. వాడికి నేను ఏమీ ఇవ్వలేదు, వాడంతట వాడే అన్నాడు. రక్తం పరీక్ష చేయించుకుంది. గుడ్డు ఒకటి ఎక్కువ తిన్నది. ముప్పై ముప్పైగానే ఉంది. గడిలో ముప్పై రాస్తుంటే నా చేతిరాత ఎంత చక్కగా వచ్చేదో.

మనుషులను జబ్బుల పేర్లతో పిలిచే మనిషికి తన జబ్బు ఏమిటో తెలియలేదు. ఆమె జబ్బు పక్కన పీట మీద కూర్చుని ఉంది.

నేను ఆపవచ్చు. నెల రోజులయ్యాక ఆపుదామనుకున్నాను కూడా. కానీ ప్రతి పొద్దున చీకట్లో గల్లీ దాటుతుంటే ఆ ముసలామె వాకిలి ఊడుస్తూ చీపురు ఆపి నన్ను చూసేది. మేట్రనమ్మ ఇంటికి చేరేసరికి యాభై సిద్ధంగా ఉండేది. మిగిలిన నాలుగు నెలలూ అలా చేశాను. నా ఇద్దత్ ఆ పీట మీద గడిచింది. గడువు అయిపోయాక ఆపాలి కదా. ఆపలేదు. అప్పటికి అది కోపం కాదు, అలవాటు. ఆమెకు గుంజడం ఎట్లాగో నాకు అది అట్లా.

అబద్ధం కంటే పెద్ద పాపం ఇంకొకటి చేశాను. ఒక శనివారం గుంజడం అయ్యాక ఆమె లేవకుండా అక్కడే కూర్చుంది. చెమట ముక్కు మీది నుంచి పట్టా మీద పడుతోంది. ఇటు రా అన్నది. పోయాను. బనియను చెయ్యి పైకి నూకి, దండ కండ చూపించింది.

“పట్టుకోని చూడు. మెత్తవడ్డదా?”

ఎప్పుడూ నా చెయ్యి ఆమెకు తగలనిచ్చేది కాదు. పట్టుకున్నాను. టేకు మొద్దులా ఉంది. నా భర్త పడుచుతనంలో విల్లు పట్టినప్పటి చెయ్యి కూడా అంత గట్టిగా లేదు. రోజూ ఐదు వందలు ఎక్కువ గుంజితే గట్టిపడక ఏమవుతుంది. ఆమె మొహం నా చెవి వైపు తిరిగి ఉంది, నన్ను చూడడానికి పక్క చూపు వాడుకుంటోంది.

“జర మెత్తగైంది మేడం” అన్నాను.

ఆమె బనియను దించుకుంది. డాక్టరు మాట నమ్మని మనిషి, అయ్యగారి మాట నమ్మని మనిషి, తన ఒంటి గురించి నా మాట నమ్మింది. సరే అన్నది. అచ్చం నా భర్త అన్నట్టే అన్నది.

అయినా ఆగలేదు చూడండి, అదీ ఆమె. ముప్పై కాస్తా ఇరవై తొమ్మిదికి తెచ్చింది. ఎండాకాలం వచ్చి పోయింది. ఆఖరి నెలలో ఇరవై ఎనిమిదికి తెచ్చింది. ఇంకొక్క నిమిషం గుంజుకొస్తే పాత నేనే అని తనలో తను అనుకుంది. నేను విన్నాను. పాత ఆమెను ఎప్పుడో దాటిపోయిందని నాకు తెలుసు, మిషనుకు తెలుసు. మేమిద్దరం చెప్పలేదు.

ఆమెకు తెలియదా? ఇది నన్ను నేను రోజూ అడుగుతాను. పనిలో ఉన్నన్నాళ్లు నాడి పట్టుకుని లెక్కబెట్టిన మనిషి. మొదట్లో ఎన్నిసార్లు గుంజానో గొణుక్కుంటూ లెక్కపెట్టేది, ఐదు వేలకు ఐదు వందల అరవై గుంజుళ్లు అని నాతోనే చెప్పింది. నేను అబద్ధం మొదలుపెట్టాక ఆ గొణుగుడు ఆగిపోయింది. అలసటతో ఆగిందో, లోపల లెక్కపెట్టుకుందో. ఆఖరి రోజు ఆ రెండు వందలు నువ్వే గుంజమన్నది విసుగుతోనో, తెలిసో. తెలిసే అన్నదనుకుంటాను. తెలిసీ అన్నాళ్లు గుంజితే మాత్రం ఆమె నాకంటే కసాయిది. నన్ను ఆపవలసింది, ఆపలేదు.

పిడి వదిలేశాక ఆమె మోకాళ్లు పట్టుకుని కాసేపు కూర్చుంది. తెర ఆరిపోయింది. లేచి స్నానానికి పోయింది. నేను పట్టా తుడిచి, ఏం రాయాలో తెలియక ఆ రోజు గడి ఖాళీగా వదిలి వచ్చేశాను. మర్నాడు గేటుకు తాళం. తెల్లవారుజామున అన్న కొడుకు కారులో దవాఖానకు తీసుకుపోయాడని పాలాయన చెప్పాడు. తలలో నరం చిట్లిందట. మూడో రోజు పోయింది. డాక్టరు ఆ అబ్బాయితో, గుండె నలభై ఏళ్ల మనిషి గుండెలా ఉంది, అదే ఆశ్చర్యం అన్నాడట. అది విన్నప్పుడు నాకు గర్వం కలిగింది. సిగ్గు కూడా కలిగి ఉండాలి. గర్వం ముందు వచ్చింది, ఉన్నది చెప్తున్నాను. నరం నా ఐదు వందల వల్ల చిట్లిందా అని ఎవరిని అడగను? అడిగితే ఐదు వందలు ఏమిటని అంటారు.

మట్టి ఇచ్చే రోజు నేను సమాధుల గోడ బయట నిలబడ్డాను. ఆ అబ్బాయి చూసి లోపలికి పిలిచాడు. తర్వాత చర్చి వాళ్ల ఆడపిల్లల హాస్టలులో వంట పనిలో పెట్టించాడు. ఇప్పుడు తింటున్నది ఆ తిండే.

నిన్న ఫోనులో అతను అన్న మాట ఇది. “అత్తమ్మ క్యాలెండర్లన్నీ చూసిన అమ్మా. చివరి సంవత్సరం బలం తగ్గింది పాపం. ఇరవై ఏడుండేది ముప్పై అయింది. అయినా ఆపలే. ఆదివారం నేను దాని మీదనే మాట్లాడ్త. బలహీనతల గూడ పట్టు విడువలే అని.” క్యాలెండరు కాగితాలు చట్రం కట్టించి గోడకు పెడతాడట. నా చేతిరాత. నా ముప్పైలు.

ఆమె గయ్యాళి అని రాయనివ్వండి, ఒప్పుకుంటాను. దయ లేనిదని రాయండి, సాక్ష్యం చెప్తాను. బలహీనురాలని మాత్రం రాయనివ్వను. ఆ ఒక్కటి ఆమె కాదు. అది నేను పుట్టించిన మాట, నేనే చంపాలి.

ఇక్కడికొచ్చాక షబానా కలం ఆపింది. తను రాసిచ్చిన చీటీ ఎందుకో ఇప్పుడు తెలిసింది దానికి. నా వైపు చూడటం లేదు.

“పెద్దమ్మా, ఇది అచ్చయితే హాస్టల్ల నిన్ను ఉండనిస్తరా?”

“ఉండనియ్యరు.”

“మరి ఎటు పోతవ్?”

“ఆ పిల్లగాడు మైకు పట్టుకోని మా అత్తకు బలం తగ్గింది అంటాంటే, నేను ముందల కుర్చీల కూసోని కన్నీళ్లు తుడుసుకోవాల్నా? రాయి.”

“బలం తగ్గలేదు, నేను తప్పు రాసిన, గంతే రాద్దాం. కావాల్నని చేసిన అని ఎందుకు?”

“తప్పు రాసిన అంటే ఆమె నాకు మంచిగ నేర్పలేదని అర్థం. ఆమె మంచిగనే నేర్పింది.”

అది మళ్లీ కలం తీసుకుంది. కాబట్టి రాస్తున్నాను. క్యాలెండరులో ముప్పై అని ఉన్న గడులన్నిటిలో ఆమె గుంజింది ఐదు వేలు కాదు, ఐదు వేల ఐదు వందలు. ఆఖరి నెలలో ఇరవై ఎనిమిది అని ఉన్నచోట, ఐదు వేలకు లెక్క కడితే ఇరవై ఐదున్నర వస్తుందని షబానా ఇప్పుడే చెప్పింది. ఆమె జన్మలో ఎప్పుడూ ఇరవై ఐదు చూడలేదు. చూసింది, ఆమెకు చెప్పలేదు. మొత్తం కావాలని చేశాను. క్షమించమని ఎవరినీ అడగడం లేదు. అడిగితే ఆమెనే అడగాలి, ఆమె క్షమించే రకం కాదు. ఆ క్యాలెండర్లను గోడకు పెట్టేటట్టయితే ఈ కాగితం వాటి పక్కనే పెట్టాలి.

ఇంతే. సంతకం రాదు, నా పేరు షబానా రాస్తుంది, పక్కన నేను వేలిముద్ర వేస్తాను. ఈసారి నా అసలు పేరు.

“ఇగ సదువు బిడ్డా. అంకెలు నేను సూసుకున్న, మంచిగనే ఉన్నయి. మాటలే నాకు కనవడయి. కనవడని మనిషి పక్కన కూసోని సదివెటోళ్లు ఏం చెయ్యగల్గుతరో నాకెరుకే. ఒక్క ముక్క గూడ దాటకుంట, మొదట్నుంచి సదువు.”